మా పేరుతో అమ్మే కషాయం

కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు లేచాయి. చుట్టుపక్కల పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు. తండాల నుంచి, గూడేల నుంచి మన ఆడపిల్లలు ఈ వైపే పనికొస్తున్నారు. చెమటకు తడిసిన బట్ట షిఫ్టు దిగేదాకా ఒంటిమీదే ఆరాలి. తెల్లబట్ట, దురద, మంట మొదలైతే అమ్మకు చెప్పరు, ఆశా అక్కకు చెప్పరు. ఫోన్‌లో వెతుకుతారు. ఫోనేమో 'అడవి బిడ్డల రహస్య కషాయం' కొనమంటుంది.

ఆ రహస్యం మాకెవరికీ తెలియదు! సీసా మీద బొమ్మ మాత్రం మాదే.

మజ్జిగ, జొన్న అంబలి మేం తరతరాలుగా తాగుతున్నవే. తాగండి, మంచి తిండి. కానీ తాగితే ఈ జబ్బు పోతుందని రుజువు లేదు. దీనికి ఎక్కువసార్లు కారణం కాండిడా అనే ఈస్ట్. చాలామంది ఒంట్లో కొద్దిగా ఉండేదే. యాంటీబయాటిక్ వాడినా, షుగర్ పెరిగినా, గర్భంతో ఉన్నా పెచ్చుమీరుతుంది. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా వస్తుందని డాక్టర్ల అంచనా. నడవడికకు అంటగట్టే నోళ్లు ఇది వినాలి. వెల్లుల్లి రెబ్బ, నిమ్మరసం లోపల పెట్టుకోమనే సలహా ఇంకా పాపం: మంట పెరిగి పుండవుతుంది.

'ఇంగ్లీషు మందును పొగిడి మన వైద్యాన్ని కించపరుస్తారా?' అని మనవాళ్లే అడుగుతారు. మన వైద్యం తెలిసిన పెద్దలు మనిషిని చూడకుండా మందివ్వరు. సీసా అమ్మేవాడు ఎవరినీ చూడడు. వాసన, పచ్చటి స్రావం, కడుపునొప్పి ఉంటే అది వేరే జబ్బు. నీళ్లు తాగక, మూత్రం ఆపుకొని వచ్చే మంట ఇంకో జబ్బు. ఈస్టే అయితే క్లోట్రిమజోల్ వంటి మందుతో చాలామందికి వారంలో తగ్గుతుంది. గర్భిణి అయితే డాక్టర్‌కు ముందే చెప్పాలి. మళ్లీ మళ్లీ వస్తే షుగర్ పరీక్ష చేయించాలి.

ఇక ఫ్యాక్టరీ సంగతి. పనివేళల్లో ఎప్పుడైనా వెళ్లగలిగే మరుగుదొడ్డి, కడుక్కునే వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. సూపర్‌వైజర్ ముందు దండం పెట్టి అడగాల్సిన దయ కాదది. ఆరిన బట్ట మార్చుకునే చోటు కూడా గట్టిగా అడగాలి.

టీచర్లకు ఒక మాట. పునరుత్పత్తి పాఠం రాగానే 'ఇంట్లో చదువుకోండి' అని పేజీ తిప్పేస్తున్నాం. అక్కడ మనం మింగిన మాటనే ఫోన్‌లోవాడు సీసాలో పోసి అమ్ముతున్నాడు. తెల్లబట్ట అనే మాట బోర్డు మీద రాయండి. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికి కొల్లూరు నుంచి ఎలా వెళ్లాలో కూడా దాని కిందే రాయండి.