కిటికీ కోసం ఆగమనే వాళ్ళకి

"అంతా బాగానే ఉంది గానీ వదినా, కిటికీ లేని గదిలోనా? ఇంకో రెండేళ్ళు ఆగి బాల్కనీ ఉన్నదే తీసుకోవాల్సింది."

మేం క్రూయిజ్ ఓడలో తిరిగొచ్చాక ఈ మాట నాతో ఆరుగురు అన్నారు. ఆరుగురూ ఆడవాళ్ళే. అందులో నలుగురు ఇంతవరకూ ఓడ ఎక్కనివాళ్ళు. మా తోటికోడలైతే ఫోన్లో గది ఫొటో చూసి "అచ్చం మీ ఇంటి స్టోరు రూములా ఉంది" అంది. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను. కానీ ఈ 'ఆగండి' అన్న మాట మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళని ఎన్నేళ్ళు గడప దాటనివ్వలేదో తలుచుకుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. కొంచెం ఘాటుగానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. ఓడలో అంచు వైపు ఉన్న గదులకి అద్దాల కిటికీయో బాల్కనీయో ఉంటుంది. లోపలి వైపు, ఓడ మధ్యలో ఉన్న గదులకి నాలుగు పక్కలా గోడలే. వాటినే ఇన్‌సైడ్ క్యాబిన్లంటారు. అన్నిటికన్నా చవక. మాది 130 చదరపు అడుగులు ఉంటుందేమో. మన అపార్టుమెంట్లలో పది బై పన్నెండు పడగ్గది 120 అడుగులే కదా, అనుకుంటే ఇది పెద్దదే! కాకపోతే బాత్‌రూమూ, అల్మారా, నలుగురి పడకలూ అన్నీ అందులోనే. కింద రెండు మంచాలు, పైన గోడలోంచి కిందికి దించే బెర్తులు రెండు, ఎక్కడానికో నిచ్చెన. రైల్లో ఉన్నట్టే. లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నమైనా అమావాస్యే. దాచేదేం లేదు.

అత్తయ్యగారు, మావారు, మా అమ్మాయి, నేను. మా నలుగురికీ కలిపి బాల్కనీ గదికీ దీనికీ ఉన్న తేడా మా అమ్మాయి ఒక సెమిస్టరు ఫీజంత. ఆ డబ్బు పోస్తే అదనంగా వచ్చేదేమిటయ్యా అంటే, రెండు కుర్చీలు పట్టే వసారా. సముద్రం కాదు. సముద్రం పై డెక్కు మీద అందరికీ ఒకటే. భోజనాల హాలూ ఒకటే, సాయంత్రం ఆటపాటలూ అవే, ఉప్మా పక్కన పెట్టే చట్నీ కూడా అదే (పల్లీ చట్నీ మాత్రం వాళ్ళకి చేతకాలేదు, అది వేరే సంగతి). పొద్దున్నే ఐదున్నరకి నేనూ అత్తయ్యగారూ డెక్కు మీదికి వెళ్ళి కూర్చునేవాళ్ళం. తూర్పున నీళ్ళలోంచి సూర్యుడు వచ్చేదాకా అక్కడ మాతో పాటు ఉన్నది నేల తుడిచే కుర్రాళ్ళు ఇద్దరే. బాల్కనీలు కొనుక్కున్నవాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు నిద్రపోతున్నారు.

అసలు విచిత్రం చూడండి. మన కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఒకప్పుడు మనవాళ్ళు వేలకి వేలు 'రంగం' వెళ్ళారు, రంగూన్‌కి. వాళ్ళవి డెక్కు టికెట్లు. గది కొనే స్తోమతు లేక ఎండకీ వానకీ సముద్రపు గాలికీ ఆరుబయట చాప పరుచుకుని పడుకునేవాళ్ళు. డబ్బున్నవాళ్ళు లోపల గోడల మధ్య ఉండేవాళ్ళు. అప్పుడు గోడలు ఖరీదు, గాలి ఉచితం. ఇప్పుడు గాలి ఖరీదైంది, గోడలు చవకయ్యాయి. మన పరువు మాత్రం ఏది ఖరీదైతే దానివెంటే పరిగెడుతోంది.

మా మామగారు విశాఖ పోర్టులో గుమాస్తాగా 31 ఏళ్ళు పనిచేశారు. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, ఏం దించింది, ఎప్పుడు వెళ్ళిందీ అన్నీ ఆయన చేతిరాతలో ఉండేవి. ఆయన మాత్రం ఒక్క ఓడా ఎక్కి ప్రయాణం చేయలేదు. అత్తయ్యగారిని అండమాన్ తీసుకెళ్ళాలని ఆయన కోరిక. పోర్ట్‌బ్లెయిర్ ఓడలో బంకు క్లాసు టికెట్ ఆయన జీతానికి అందేదే. "ఆడమనిషిని పెట్టుకుని బంకు క్లాసులో ఏం వెళ్తాం, క్యాబిన్ టికెట్‌కి కూడనీ" అనేవారు. కూడింది. ముందు మా ఆడపడుచు పెళ్ళికి వెళ్ళింది. మళ్ళీ కూడింది, ఇంటి మీద స్లాబుకి వెళ్ళింది. ఆ తర్వాత మా మరిది చదువు. 2014లో గుండెపోటుతో ఆయనే వెళ్ళిపోయారు. అత్తయ్యగారిని బంకు క్లాసులో వెళ్తావా అని ఆ ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగితే "కిందే చాప వేసుకుని పడుకునేదాన్నమ్మా" అని ఆవిడ నాతో ఈ ఓడలో అన్నారు.

ఇప్పుడు ఆవిడకి 73. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. ఇంకో రెండేళ్ళు ఆగమని సలహా ఇచ్చిన తల్లుల్లారా, ఆ రెండేళ్ళలో ఆ మోకాళ్ళకి మీరు పూచీ ఉంటారా?

ఇక భయపెట్టేవాళ్ళు ఉన్నారు. "టైటానిక్‌లో పోయింది చవక టికెట్ల వాళ్ళే కదా" అని ఒకావిడ. నిజమే. 1912లో ఆ ఓడ మునిగినప్పుడు మొదటి తరగతి ఆడవాళ్ళు దాదాపు అందరూ బతికారు, మూడో తరగతి ఆడవాళ్ళలో సుమారు సగం మంది పోయారు. అమెరికా వలస చట్టాల పేరుతో మూడో తరగతి వాళ్ళని గేట్లు పెట్టి వేరుగా ఉంచిన రోజులవి. పైగా పడవలు చాలినన్ని లేవు. ఇప్పటి ఓడల్లో లోపలి గదివాళ్ళూ బాల్కనీవాళ్ళూ ఒకే నడవాలోంచి, ఒకే మెట్ల మీదుగా తమకి కేటాయించిన చోటికి చేరాలి. బాల్కనీ మీంచి ఎవరూ పడవలోకి దూకరమ్మా. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయాక నియమం మార్చారు. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఎక్కడికి చేరాలో చెప్పే డ్రిల్లు ఇప్పుడు ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే జరిగి తీరాలి. ఆ డ్రిల్లుకి మాత్రం సెల్ఫీలు ఆపి వెళ్ళండి. మీ భయానికి మందు అదే.

కంపెనీల తెలివి గురించి కూడా ఒక మాట. ప్రకటనల్లో ఎప్పుడు చూసినా తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి బాల్కనీ కటకటాల దగ్గర కాఫీ కప్పుతో. లోపలి గది ఫొటో వెతుక్కుంటే గానీ దొరకదు. 2011లో డిస్నీ వాళ్ళు తమ డ్రీమ్ ఓడలో లోపలి గదుల గోడలకి గుండ్రటి తెరలు బిగించి, బయటి కెమెరాల్లోంచి సముద్రాన్ని అందులో చూపించడం మొదలుపెట్టారు. 2014 నుంచి రాయల్ కరీబియన్ వాళ్ళు గోడంత తెర పెట్టి దాన్నే బాల్కనీ అన్నారు. ముందు కిటికీ లేకపోతే లోటని మనకి నేర్పించి, తర్వాత కిటికీ బొమ్మ అమ్మడం! మా గదిలో అద్దం మాత్రమే ఉంది. నాకు అది చాలింది.

నేను కొనుక్కున్నది ఏమిటో చెప్పనా? మూడు రాత్రులు స్టవ్ వెలిగించకపోవడం. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కుక్కర్ లాంటి వేడి సామాన్లు ఓడలోకి తేకూడదన్న నిబంధన చదివి, నా జీవితంలో నాకు నచ్చిన మొదటి నిషేధం ఇదే అనుకున్నాను. తీర్థయాత్రకెళ్ళినా సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుని "నువ్వు చేస్తే పిల్లలు తింటారు" అని కుక్కర్ మోయించే సంసారాలు మనవి. ఈ గదిలో వండలేరు, ఉతికి ఆరేయలేరు, కూర్చుని సర్దడానికి చోటే లేదు. నిద్రకి తప్ప దేనికీ పనికిరాని గది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి నాకు అలాంటి గది దొరికింది.

బాల్కనీ ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. "అమ్మా, నువ్వూ నాన్నమ్మా ఇక్కడ హాయిగా కూర్చోండి, మేం అలా వెళ్ళొస్తాం" అనేవాళ్ళు. ఫోన్లకీ పర్సులకీ కాపలా నేను. కిటికీ లేని గదిలో కూర్చోమని ఎవరూ అనలేకపోయారు. మావారు రెండో రోజు ఒకసారి నోరు తెరవబోయి, ఆ గోడలు చూసి ఆగిపోయారు.

అందరికీ ఇది పడుతుందని అనను. మూసిన లిఫ్టులో ఊపిరాడనివాళ్ళు ఈ గది జోలికి పోవద్దు, అప్పు చేసైనా కిటికీ తీసుకోండి. నిద్రలో లేచే చంటిపిల్లలుంటే ఆ చీకటి వాళ్ళకీ మీకూ కష్టమే. కళ్ళు తిరుగుతాయనుకునేవాళ్ళకి మాత్రం ఇవే మేలు: ఓడ ఊగడం చివర్లలోనూ పై అంతస్తుల్లోనూ ఎక్కువ, మధ్యలో కిందివైపు తక్కువ. అందుకని టికెట్ చేసేటప్పుడే మధ్యలో, కింది అంతస్తులో అడగండి. చిన్న బెడ్‌ల్యాంపూ, ముళ్ళున్న గడియారమూ తీసుకెళ్ళండి, లేకపోతే రాత్రో పగలో తెలియక పిచ్చెక్కుతుంది. ఇంకోటి ఎవరూ చెప్పరు: ఆ గదుల గోడలు ఎక్కువగా ఇనుపరేకువి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతపు కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే చున్నీలూ సంచులూ గోడకే వేలాడతాయి. పై బెర్తులు ఎవరివో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. మా ఇంట్లో మావారూ, అమ్మాయీ ఎక్కారు. "డబ్బు కట్టినవాడిని నిచ్చెనెక్కిస్తావా" అన్నారు మావారు. ఎక్కారు మరి.

బాల్కనీకి పెట్టకుండా మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలవనివ్వలేదు. వేరే ఖాతాలో వేయించాను, నా పేరుమీద. మా అమ్మది ఖమ్మం జిల్లా, పుట్టినా పెరిగినా మెట్ట ఊళ్ళోనే. ఆవిడకి 69. వచ్చే సీజన్‌కి ఆవిడకీ నాకూ కలిపి ఒక లోపలి గది. ఈసారి కింది మంచాలు రెండూ మావే.