సాఫ్ట్‌వేర్‌కూ డ్రై డాక్ తప్పదు

కోల్‌కతాలో వాట్‌గంజ్‌ను ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్ రేవు 19వ శతాబ్దపు చివరి నాటిది. అక్కడి డ్రై డాక్‌లలోకి నౌకలు మరమ్మతుల కోసం వస్తుంటాయి. డాక్‌లోని నీరు తోడివేసి, నౌక అడుగు భాగాన్ని గీకి, తుప్పు పట్టిన పలకలు మార్చి మళ్లీ నీటిలోకి దింపుతారు. డాక్‌లో ఉన్నన్నాళ్లూ నౌకకు సంపాదన ఉండదు. అయినా వివేకవంతుడైన యజమాని ఎవరూ దానిని వృథా ఖర్చుగా భావించరు. ఇటువంటి రేవులను నమ్ముకుని బతికే చిన్న వ్యాపార సంస్థలు తమ పద్దులు నడిపే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇదే దృష్టితో చూడవలసి ఉంది.

వ్యాపార నిర్వహణకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నేడు కొత్త కాదు. బెల్జియంలో 2005లో టైనీ ఈఆర్‌పీగా మొదలై 2014లో ఓడూగా పేరు మార్చుకున్నది ఒకటి. ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ రూపొందించిన ఈఆర్‌పీనెక్స్ట్ మరొకటి. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. లైసెన్స్ రుసుము చెల్లించకుండానే వాడుకోవచ్చు, అవసరమైన రీతిలో మార్చుకోవచ్చు. స్వల్ప పెట్టుబడితో నడిచే సంస్థలకు ఇది గొప్ప వెసులుబాటు అనడంలో సందేహం లేదు. అయితే మార్చుకునే స్వేచ్ఛే మున్ముందు సంకెలగా మారే ప్రమాదం కూడా ఇందులో పొంచి ఉంది.

ఒక క్లియరింగ్ ఏజెన్సీ సంగతే తీసుకుంటే, అది తన ఖాతాదారు తరఫున రేవు రుసుములు, నౌకా సంస్థల చార్జీలు చెల్లించి, ఆ తరువాత వాటిని రాబట్టుకుంటుంది. జీఎస్‌టీ నిబంధనలలోని షరతులు నెరవేరితే ఇలా చెల్లించిన మొత్తాలు ఏజెన్సీ సేవల విలువలో చేరవు. ఏజెన్సీ రుసుము మీద మాత్రమే పన్ను పడుతుంది. ఈ రెండింటినీ ఒకే బిల్లులో విడివిడిగా చూపే ఏర్పాటు సాధారణ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరకకపోవచ్చు. అప్పుడు ఒక ప్రోగ్రామర్‌ను పిలిచి సొంత కోడ్ రాయించుకోవడం సహజం. ఆ కోడ్‌ను అతడు ఎక్కడ రాశాడన్నదే అసలు ప్రశ్న. మూల సాఫ్ట్‌వేర్ ఫైళ్లలోనే రాశాడా, లేక దానికి వెలుపల ప్రత్యేక మాడ్యూల్‌గా రాశాడా? తొలిరోజున రెండు పద్ధతులూ ఒకే ఫలితం ఇస్తాయి. మొదటిది ఒక పూటలో ముగుస్తుంది, రెండోదానికి కొన్ని రోజులు పట్టవచ్చు. తొందరలో ఉన్న యజమాని మొదటి దానికే మొగ్గు చూపడంలో వింత లేదు.

కొత్త వెర్షన్ వచ్చిన రోజున తేడా బయటపడుతుంది. కొత్త ఫైళ్లు పాత ఫైళ్ల స్థానంలోకి వస్తే సొంత మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి. అవి పోకూడదనుకుంటే సాఫ్ట్‌వేర్‌ను ఉన్నచోటనే ఆపివేయాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకన్న వాదన ఉంది. రోజూ బిల్లులు పంపవలసిన సంస్థకు ఈ జంకు అసహజమేమీ కాదు. కానీ సాఫ్ట్‌వేర్ కదలకపోయినా చట్టం కదులుతూనే ఉంటుంది. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. 2020 అక్టోబర్ 1న రూ.500 కోట్లకు మించిన టర్నోవర్ గల సంస్థలతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్ విధానం, 2023 ఆగస్టు 1 నాటికి రూ.5 కోట్లు దాటిన సంస్థలకు విస్తరించింది. పద్దులలో చేసే ప్రతి సవరణనూ నమోదు చేసే, ఆ నమోదును ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే కంపెనీలు వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ రేట్లే మారాయి. సాంకేతిక పునాదులూ స్థిరం కాదు. ఓడూ 2017లో 11వ వెర్షన్‌తో పైథాన్ భాష మూడో తరానికి మారింది. రెండో తరానికి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. పాత వెర్షన్‌లోనే ఉండిపోయిన సంస్థకు భద్రతా లోపాలను సరిదిద్దే దిక్కు కూడా మిగలదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునే ముందే, ఏమేమి చేయగలదన్న దానితోపాటు, వెర్షన్ మారేటప్పుడు దారి ఎవరు చూపుతారని అడగాలి. ఓడూ 2015లో తొమ్మిదో వెర్షన్‌తో రెండు పాయలైంది. ఉచితంగా లభించే కమ్యూనిటీ వెర్షన్ ఒకటి, రుసుముతో కూడిన ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ మరొకటి. వెర్షన్ మార్పిడికి కంపెనీ అందించే సేవ ఎంటర్‌ప్రైజ్ ఖాతాదారులకే. కమ్యూనిటీ వెర్షన్ వాడేవారు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు నిర్వహించే ఓపెన్‌అప్‌గ్రేడ్ మీద ఆధారపడాలి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో పాత సమాచారాన్ని కొత్త రూపంలోకి మార్చే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది, సొంత కోడ్‌ను విడి యాప్‌గా ఉంచే సౌకర్యమూ ఉంది. ఓడూలోనూ మూలాన్ని తాకకుండా మాడ్యూల్ ద్వారా మార్పు చేసే పద్ధతి మొదటినుంచీ ఉన్నదే. లోపం సాధనంలో కాదు, దానిని వాడే తీరులో ఉంది.

అందుకు తీసుకోవలసిన జాగ్రత్తలు కఠినమైనవేమీ కావు. అమరికలతో తీరే అవసరానికి కోడ్ రాయించకూడదు. రాయించక తప్పనిది మూలానికి వెలుపలే ఉండాలి. ఏ మార్పు ఎందుకు చేశారో రాతపూర్వకంగా ఉంచాలి. సొంత కోడ్ ప్రతి ప్రోగ్రామర్ వద్దనే కాక సంస్థ చేతిలోనూ ఉండాలి. కొత్త వెర్షన్‌ను ముందుగా నకలు డేటాబేస్‌లో నడిపి, గత నెల బిల్లులన్నీ పైసాతో సహా సరిపోతున్నాయో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పనికి ఏటా బడ్జెట్‌లో కొంత కేటాయించాలి. లైసెన్స్ రుసుముగా మిగిలిన సొమ్మంతా లాభమనుకోవడం భ్రమ. అందులో కొంత భాగం మరమ్మతుకు చెందినదే.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. చిన్న సంస్థలకు కూడా ఈ సాఫ్ట్‌వేర్‌ను సిఫార్సు చేసే వాణిజ్య మండళ్లు, పరిశ్రమల సంఘాలు అంతటితో ఆగక, దానిని కాపాడుకునే పద్ధతులను కూడా నేర్పితే మేలు. ఖిదిర్‌పూర్‌లోనైనా, విశాఖ, కాకినాడలలోనైనా నౌకను ఉచితంగా పొందినవాడికి కూడా డ్రై డాక్ ఖర్చు తప్పదు. ఆ ఖర్చుకు వెనుకాడిన నౌక ఎప్పుడో ఒకప్పుడు నడిసముద్రంలో నిలిచిపోతుంది. అప్పుడు మునిగేది అందులోని సరుకు కూడా.