ప్రారంభోత్సవము వేరు, పని ముగియుట వేరు

మన సంఘ భవనపు మేడకు ఉగాదినాడు ప్రారంభోత్సవము జరుపవలెననియు, ఆ దినముననే కాంట్రాక్టరునకు తుది బిల్లుతోపాటు నిలిపియుంచిన సొమ్మును సయితము చెల్లించి, శాలువ కప్పి పంపవలెననియు సోదరులు కొందరు తీర్మానము తెచ్చుచున్నారు. ప్రారంభోత్సవమునకు మేము అడ్డురాము. మామిడాకుల తోరణము మేమే కట్టెదము. తుది చెల్లింపు విషయమున మాత్రము మా అభ్యంతరమును పత్రికాముఖమున తెలుపక తప్పదు.

తరతరములుగా వర్తకముమీద బ్రతికిన కుటుంబములవారికి ఇది ఒకరు నేర్పవలసిన విషయము కాదు. చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించి, ఎదుటివానితో సరిచూచుకొని, చెల్లుచీటి వ్రాయించుకొనువరకు ఏ లెక్కయు తీరినట్లు మన తాతలు తలపలేదు. అంగడిలో నూరు రూపాయల సరకునకు పాటించు ఈ పద్ధతిని, ఇంటింట చందాలు పోగుచేసి కట్టిన భవనమునకు వచ్చుసరికి ఏల వదలవలెను?

కృష్ణాజలముల కథనే తీసికొందము. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు తెలుగుగంగ ఒప్పందము చేసికొన్నవి. మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రము తలకు 5 టి.ఎం.సీ.ల వంతున వదలుకొన, దారిలో ఆవిరియై పోవునది పోగా 12 టి.ఎం.సీ.ల నీరు మన నగరమునకు రావలెను. శ్రీశైలమున బయలుదేరి, వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయముల మీదుగా 1996లో ఆ నీరు తమిళనాటి ఎల్లను చేరినపుడు తెలుగువారమని మనము గర్వించితిమి; గర్వింపదగినదే. కాని కండలేరునుండి పూండికి వచ్చు కాలువ మట్టికాలువ. గట్లు తెగినవి. నీరు నేలలో ఇంకినది. అచట వదలినదానిలో ఇచటికి చేరినది కొంచెమే. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టువారు తమ వ్యయముతో గట్లను బాగుచేయించి లైనింగు వేయించిన పిమ్మట, 2004లో గాని నీరు తిన్నగా నడువలేదు. నడుమ ఎనిమిదేండ్లు! ఆ కాలమున తొండియార్‌పేట వీథులలో ట్యాంకరు లారీల వెంట బిందెలతో పరుగులెత్తినవారు మన ఇండ్ల ఆడపడుచులే గదా. ప్రారంభము చేసిన పెద్దలకు శిలాఫలకము లుండును. గట్టు నిలుచునా లేదా యని ఒక వానకాలము కాచియుండి సంతకము పెట్టువానికి శిలాఫలకము వేయువారు లేరు. అందుచేతనే కాబోలు, ఆ పనికి ఎవరును ముందుకు రారు.

మన వీథిముఖమున నడుచు మెట్రో రైలు సంగతియు ఇట్టిదే. వాషర్‌మన్‌పేటనుండి విమ్కో నగరువరకు దారిని 2021 ఫిబ్రవరి 14న ప్రారంభించిరి. తిరువొత్తియూరు తేరడి స్టేషను తలుపులు తెరచుకొన్నది 2022 మార్చిలో.

ఇక మన మేడ. దసరాకు అప్పగింతునన్న కాంట్రాక్టరు మాఘమాసము దాటించినాడు. పైకప్పు కార్తీకపు వానలు వెలిసిన తరువాత వేసినది. దానిమీద గట్టివాన ఇంకను పడలేదు. ఈ పట్టణమున పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరువరకు. ఉగాది యెండలో నిలువబడి ఈ కప్పు కారదని చెప్పగల ఇంజనీరు పుట్టలేదు. 2015 డిసెంబరు వరదను, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానును చూచినవారము. లోపముల గడువు ఒక వానకాలమైనను దాటకున్న అది గడువే కాదు. బిల్లుబిల్లునకు నూటికి ఐదు చొప్పున పట్టియుంచినది ఇందుకే. అది కాంట్రాక్టరుమీది అనుమానము కాదు, ఒప్పందములో అతడు చేవ్రాలు చేసిన షరతు.

చట్టముమాటయు వినుడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 55వ సెక్షను ప్రకారము, గడువే ముఖ్యమని వ్రాసికొన్న పనిని గడువు మీరిన తరువాత స్వీకరించునపుడు, పరిహారము కోరెదమని ఆ సమయముననే తెలుపవలెను. తెలుపనిచో ఆ ఆలస్యమునకు పిమ్మట పరిహార మడుగు హక్కు లేదు. శాలువతో పాటు మనము కప్పిపెట్టునది ఆ హక్కును.

“అతడు మనవాడే, మొగమాటము” అని ఒక వాదము వినవచ్చుచున్నది. మనవాడగుటచేతనే కాగితము సరిగా నుండవలెనని మేమందుము. పరాయివానితో తగవు కోర్టులో తీరును. మనవానితో తగవు పెండ్లిపందిళ్ళలో, శుభాశుభములలో రెండు తరములు నడచును. అదియుగాక తుదిలెక్క తేల్చుట కాంట్రాక్టరునకును రక్షయే. నేడు తేలనిచో, మూడేండ్ల తరువాత గోడ తడిసినను, క్రొత్త కార్యవర్గము అతనినే నిందించును. లోపములు సరిదిద్దిన తరువాతగూడ నిలుపుదల సొమ్మును ఈయక త్రిప్పుకొను సంఘములును కలవు. అదియు అన్యాయమే, దానిని మేము సమర్థింపము.

వచ్చు ఆదివారపు సర్వసభ్య సమావేశమున మేము పెట్టబోవు సవరణ ఇది. చేసిన పనిని మరల కొలిపించి, లోపముల పట్టికపై ఉభయులు సంతకము చేయవలెను. ఇటుక, ఇసుక అంగళ్ళవారికిని కూలీలకును బాకీ లేదని కాంట్రాక్టరు వ్రాసి యీయవలెను. కరెంటు తీగలు, నీటిగొట్టములు గోడలలో ఏ దారిన పోయినవో చూపు పటములు సంఘపు బీరువాకు చేరవలెను (నిరుడు మేకు కొట్టబోయి గొట్టము పగులగొట్టిన సంగతి సభ్యులెరుగుదురు). కొలతలు సరిపోయిన వెంటనే తుది బిల్లు చెల్లింపుడు. నిలుపుదల సొమ్ము మాత్రము బ్యాంకులో వేరు ఖాతాలో సంక్రాంతివరకు ఉండవలెను. కప్పు కారనిచో పండుగ మరునాడే అది కాంట్రాక్టరు చేతి కందవలెను. ఒక్కరోజు జాప్యమైనను కోశాధికారిగారిని మేమే నిలదీసెదము.