తెల్లని తెర – మన చేతిపని

మన కళాశాలలో ప్రొజెక్టరు ఉన్నది. దానికి తగిన తెర లేదు. గోడకు దుప్పటి కట్టి పాఠము చూపుట మాకు అలవాటైపోయినది. ఆ దుప్పటి ముడతలలో ఏమి పోతున్నదో వెనుక బల్లలపై కూర్చుండే విద్యార్థులకే తెలుసు. ఉర్దూలో బే, పే, తే అక్షరాల రూపమొక్కటే. బేకు క్రింద ఒక చుక్క, పేకు క్రింద మూడు, తేకు పైన రెండు. చుక్క ముడతలో దాగితే మాటే మారిపోతుంది. తెలుగులో ద, ధలకు గల భేదము ఒక చిన్న గీత మాత్రమే. కనుక తెర మనకు అలంకారము కాదు. అక్షరానికి సంబంధించిన విషయము.

తెరను కొనవలెనా, చేసుకొనవలెనా? చేసుకొనవలెననియే మా అభిప్రాయము.

తెరకు స్వంత వెలుగు లేదు. తనపై పడిన కాంతిని అన్ని దిక్కులకు వెదజల్లుటే దాని పని. అందుకు కావలసినది నిగనిగ లేని తెలుపు. మెరిసే గుడ్డ ఎదుట కూర్చున్నవారికి కళ్లు చెదిరేటట్లు, ప్రక్కనున్నవారికి మసకగా చూపుతుంది. తోలుబొమ్మలాటలో దీపము తెర వెనుక ఉంటుంది. వెలుగు గుడ్డను దాటి రావలెను. మనకు వెలుగు తిరిగి రావలెను. కనుక దట్టమైన గుడ్డనే ఎన్నుకొనవలెను. పలుచనిదైతే రెండు పొరలు వేయవలెను.

బొమ్మ పడే చోటు 8 అడుగుల వెడల్పు, 4.5 అడుగుల ఎత్తు ఉంటే నేటి ప్రొజెక్టర్ల 16:9 నిష్పత్తికి సరిపోతుంది. కొయ్య చట్రము అంతకంటె కొంచెము పెద్దది కావలెను. గుడ్డకు తగలకుండా నడుమ ఒక నిలువుకొయ్య అమర్చకపోతే బిగువుకు చట్రము లోపలికి వంగుతుంది. ప్రతి వైపు నడిమి నుండి మూలలకు మేకులు కొట్టుకుంటూ పోతే ముడతలు పడవు. చుట్టూ నల్లగుడ్డ అంచు కుడితే బొమ్మ దాటిన వెలుగును అది మింగుతుంది. గోడనే తెరగా చేయదలచినవారు సున్నములో నీలిమందు కలుపరాదు. ఆ ఛాయ బొమ్మలోనికి వస్తుంది.

పెద్ద తెరపై మోజు కూడదు. వెడల్పు, ఎత్తు రెట్టింపైతే అదే వెలుగు నాలుగు రెట్ల చోటికి పంచబడుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఏ ప్రొజెక్టరూ నలుపును ప్రసరింపజేయలేదు. బొమ్మలోని నలుపు ఆ గది చీకటియే. కిటికీలు తెరచిన గదిలో ఎంతటి ఖరీదైన తెల్లని తెరయైనా వెలవెలబోవును. కనుక కమిటీ పెద్దలకు మా విన్నపము: తెరపై మిగిలే సొమ్మును ముందుగా కిటికీల పరదాలకు వినియోగించండి.

ఇంటిలో కుట్టిన తెర కళాశాల గౌరవానికి తగదని కొందరనవచ్చును. సుమారు వేయి సంవత్సరాల క్రితం ఇబ్న్ అల్ హైసమ్ చీకటి గదిలోనికి ఒక రంధ్రము గుండా దీపాల వెలుగును పంపి, ఎదుటి గోడపై పరిశీలించి, కాంతి నడకను నిరూపించినాడు. ఆయనకు చాలిన గోడ మన గౌరవానికి చాలదా?

ఈ తెరను చుట్టి దాచలేము. గుడ్డ మాసినప్పుడు మార్చవలసివస్తుంది. నిజమే. కాని మార్చే విధము చేసినవారికి తెలిసియే ఉంటుంది. విద్యార్థినీ విద్యార్థులారా, కొలత మీరు వేయండి, సుత్తి మీరు పట్టండి. వెనుక బల్లవారు చుక్కలను లెక్కపెట్టగలిగిన నాడు మన తెర పూర్తియైనట్లు.