డోలుకు కొయ్య, స్పీకరుకు పెట్టె



ఈ నెల జాబుల్లో ఒకటి నన్ను రెండు రోజులు కూర్చోబెట్టింది. రాసిన అబ్బాయిది భద్రాచలం అవతల, అడవి అంచున వున్న చిన్న వూరు. వాళ్ల బాబాయికి కారు వుంది. రాములవారి దర్శనం చేసుకున్న యాత్రికులను సుమారు 35 కిలోమీటర్ల దూరాన వున్న పర్ణశాలకు తీసుకుపోయి తీసుకువస్తారు. కారు వెనుక పది అంగుళాల బేస్ స్పీకరు పెట్టించారు. సబ్ వూఫర్ అంటారే, అదే. నెల తిరగకుండా అది మూగబోయింది. రెండోది కొన్నారు. అదీ మొదట "టక్, టక్" అని కొట్టుకుని, ఇప్పుడు "ఘర్, ఘర్" అంటున్నదట.

"షాపువాడు నాసిరకం అంటగట్టాడు, వెళ్లి తేల్చుకుంటానని బాబాయి అంటున్నారు. నిజంగా షాపువాడిదే తప్పా, మామయ్యా?" అని అడిగాడు.

బాబూ, తగువుకు వెళ్లేముందు రోగం ఏమిటో చూద్దాం. స్పీకరులో గరాటు వంటి అట్ట వుంటుంది. దాని అడుగున సన్నని రాగితీగ చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. తీగలో కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. అట్ట దానితోపాటు గాలిని నెడుతుంది. ఇంతే స్పీకరు.

మూగబోయినదాన్ని విప్పించి, బాబాయి దగ్గర వుండగా, టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల సెల్లును దాని రెండు కొసలకూ ఒక్క క్షణం తాకించు. "టప్" మని అట్ట కదిలితే చుట్ట బతికే వుంది. ఉలుకూ పలుకూ లేకపోతే చుట్ట అయినా తెగింది, దానికి కరెంటు తెచ్చే మెత్తని తీగ అయినా తెగింది. ముక్కు దగ్గర పెట్టి చూడు. మాడిన వాసన వేస్తే చుట్ట కాలిందన్నమాట. ఇక ఘర్ మనేదాని అట్టను రెండు చేతుల వేళ్లతో చుట్టూ సమానంగా, మెల్లగా నొక్కు. లోపల గీరుకుంటే చుట్ట వంకరపోయి అయస్కాంతానికి రాసుకుంటున్నది.

రెండు స్పీకర్లు ఒకే పెట్టెలో పోయాయి కదా! అందుకే నా అనుమానమంతా పెట్టె మీద.

మీ వైపు కోయలు కొమ్ముల తలపాగాలు కట్టి నాట్యం చేసేటప్పుడు డోలు విన్నావు కదూ? డోలు కథలు పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ డోలు తోలు విప్పి చేతబట్టి కొడితే ఆ మోత రాదు. తోలూ, బోలు కొయ్యా, లోపలి గాలీ కలిస్తేనే డోలు.

స్పీకరుకు పెట్టె ఇంకొక పని కూడా చేస్తుంది. అట్ట ముందుకు పోతే ముందరి గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. సెకనుకు 40 సార్లు ఊగే బేస్ ధ్వనిలో ఒక్కొక్క అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంత పెద్ద అలకు పది అంగుళాల అట్ట అడ్డమా? చుట్టూ తిరిగి వెనుకకు పోయి, అక్కడి గాలితో కలిసి చల్లారిపోతుంది. పెట్టె ఈ రెంటినీ విడదీస్తుంది. మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా అట్టను అదుపులో కూడా వుంచుతుంది. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి కొట్టి చూడు, తెలుస్తుంది.

కన్నం వున్న పెట్టె వేరు. ఖాళీ సీసా మూతి మీద వూదితే మోగినట్లు, దానికి ఒక సొంత స్వరం వుంటుంది. ఆ స్వరం కంటే బాగా కిందికి దిగితే గాలి కన్నంలోనుంచి పోయివస్తుందే గాని అట్టను పట్టుకోదు. అట్ట హద్దుమీరి దూకుతుంది, చుట్ట వెనుక ఇనుముకు కొట్టుకుంటుంది. అదే మీ "టక్, టక్"!

నీ జాబులో నాకు బాగా నచ్చింది కొలతలు రాయడం. మీ పెట్టె మరో కారుదని, కన్నం వున్నదని, లోపల మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, అడుగున్నర లోతు అని రాశావు. అంటే సుమారు 190 లీటర్లు. స్పీకరుతో వచ్చిన కాగితంలో "మూసిన పెట్టె, 28 లీటర్లు" అని వున్నదంటున్నావు. దాదాపు ఏడు రెట్లు! ఇటువంటి లెక్కలకు 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ దారి వేశాడు, తరువాత రిచర్డ్ స్మాల్ దాన్ని పెంచాడు. కాగితం మీద వేసేది ఆ లెక్కల ఫలమే.

కనుక షాపువాణ్ణి వదిలెయ్యమను. పెట్టెలో చెక్క అడ్డం వేయించి చిన్నది చేసి, కన్నం మూసి, సందులన్నీ వడ్రంగం జిగురుతో బిగించాలి. కొత్తది చేయిస్తే కొలత లోపల తీయాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో బయట అడుగు చొప్పున చేస్తే లోపల మిగిలేది 20 లీటర్లకు లోపే. స్పీకరు వెనుక భాగం తినే చోటు కూడా కలుపుకోవాలి.

ఆంప్లిఫయరు తిరగడం సగం దాటితే పాట బొంగురుపోతున్నదా? అప్పుడు కూడా చుట్ట మాడుతుంది. మీ బాబాయి ఆ పిడి ఎంతవరకు తిప్పుతారో రాయలేదు, ఈసారి రాయి. చుట్ట పోయిన స్పీకరును పారెయ్యకండి. అయస్కాంతం బాగుంటే, చుట్టా అట్టా కొత్తవి వేసే రిపేరువాళ్లు వుంటారు.