లెక్కలో లేని కంచం

ప్రభుత్వ వైద్యం అనగానే మన కళ్లముందు మెదిలేవి పి.హెచ్.సి., అక్కడి క్యూ, ఏ.ఎన్.ఎం. అక్క చేతిలోని మాత్రల పొట్లం. వీటి వెనుక ఉండి పనిచేసే జాతీయ సంస్థలు కొన్ని ఉన్నాయి. అవి మందుచీటీలు రాయవు. ఏ వయసువారికి ఎంత తిండి కావాలి, ఏ మాత్ర ఎంత మోతాదులో ఇవ్వాలి, ఏ లోపం ఎక్కడ ఎంత ఉంది అని తేల్చి డాక్టర్లకూ ప్రభుత్వాలకూ చెబుతాయి. అందులో ఒకటి హైదరాబాదులో, తార్నాకలోనే ఉంది. అదే జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ లెక్కల్లోకి మన హాస్టల్ కంచం కూడా ఎక్కాలని మేం అడుగుతున్నాం.

1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు డాక్టర్ మెకారిసన్ మొదలుపెట్టిన విభాగం ఇది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. (గ్రూప్స్ రాసే అన్నలకు బిట్టుగా కూడా పనికొస్తుంది.) పేదల తిండిని శ్రద్ధగా చదివిన సంస్థ ఇది. జొన్న మీదే బతికేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకొస్తుందో డాక్టర్ గోపాలన్ బృందం ఇక్కడే వెతికింది. పిల్లల కళ్లు పోకుండా ఆరు నెలలకోసారి విటమిన్-ఎ ఇచ్చే పద్ధతి ఇక్కడి పరిశోధనల మీద నిలబడే 1970లో దేశమంతటికీ కార్యక్రమమైంది.

1972లో ఈ సంస్థ కేంద్రంగా జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడింది. దాని సిబ్బంది పల్లెల్లో ఇళ్లకు వెళ్లి, జనం ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో రాసుకొచ్చేవారు. 2015లో ఆ బ్యూరో మూతబడింది. ఇప్పుడు అందరూ చెప్పేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలే. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. అయితే ఆ సర్వే ఇళ్లను ఎంచుకుంది, ఇంట్లో ఉన్నవారికే రక్తపరీక్ష చేసింది. హాస్టళ్లు దాని శాంపిల్‌లోకి రావు. సర్వేవాళ్లు మన ఊరికి వచ్చి మన తలుపే తట్టినా మనం అక్కడ ఉండం. ఇంట్లో లేం గనుక ఇంటి లెక్కలో లేం. హాస్టల్ ఇల్లు కాదు గనుక ఇక్కడికి ఎవరూ రారు. ఏడాదిలో పది నెలలు ప్రభుత్వం పెట్టే అన్నమే తినే పిల్లల సంగతి ప్రభుత్వ సర్వేకే తెలియకపోవడం ఏం న్యాయం?

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వస్తున్నాయి కదా, వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తున్నారు కదా అనవచ్చు. మంచిదే. ఆ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుందనీ, మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదనీ ముందే చెబితే సగం మాత్రలు కిటికీలోంచి బయటికి పోవు. కానీ ఆ బృందం చూసేది పిల్లవాడిని, వాడు తిన్న పప్పును కాదు.

అసలు సంగతి పప్పులోనే ఉంది. రోజు తిండిలో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని ఈ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన కంచంలో కొండంత అన్నం, దాని చుట్టూ చారు. బియ్యం గోడౌను నుంచి వస్తాయి. పప్పు, గుడ్డు, కూరగాయలు మెస్ ఛార్జీలోంచి రావాలి. కందిపప్పు ధర పెరిగిన నెలలో పప్పు పలచబడి చారవుతుంది. మెనూ చార్టులో మాత్రం 'పప్పు' అనే ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి చార్టు చూసి సంతకం పెట్టి వెళతారు. గరిటెలో ఎన్ని గ్రాములున్నాయో తూకం వేస్తే తప్ప తెలియదు. తూకం వేయడం తెలిసిన వాళ్లేమో తార్నాకలో ఉన్నారు.

అందుకే మేం కోరేది, జిల్లాకు కొన్ని హాస్టళ్ల చొప్పున ఏడాదికి రెండుసార్లు ఆ సంస్థ పర్యవేక్షణలో వంటకు ముందు సరుకు తూచాలి, పిల్లల హిమోగ్లోబిన్ చూడాలి, ఫలితాలు బయటపెట్టాలి. మెస్ ఛార్జీలు ఆ గ్రాములకు బజారు ధర కట్టి నిర్ణయించాలి. ఇది వార్డెన్లను పట్టుకోవడానికి కాదు. వచ్చే డబ్బుతో ఇంతకంటే కుదరదని పైవాళ్లకు చూపించడానికి వారి చేతికీ ఒక కాగితం దొరుకుతుంది.

అది జరిగేదాకా మెస్ కమిటీ తరఫున ఈ వార్షికోత్సవం నుంచే ఒక నోటుబుక్కు పెడుతున్నాం. తేదీ, తిన్నవారి సంఖ్య, పప్పు ఎన్ని కిలోలు, గుడ్లు ఎన్ని, అంతే రాస్తాం. డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు అయిన మన పూర్వ విద్యార్థులు ఏడాదికొక్కసారి వచ్చి రక్తపరీక్ష చేస్తే ఆ అంకె కూడా పక్కనే చేరుస్తాం. ఏడాది చివర దాని నకలు ఒకటి తార్నాకకు, ఒకటి జిల్లా సంక్షేమ అధికారి గారికి పంపుతాం.