బంజరు అనకండి, ఒకసారి నడిచి చూడండి

ప్రతి ఏడూ విహారయాత్ర మాట రాగానే మన క్లాసుల్లో వినబడే పేర్లు అవే: ఊటీ, మైసూరు, హంపి. "మన దిక్కు చూడ్డానికి ఏముంది? రాళ్ళూ, ముళ్ళూ, ఎండా" అంటారు అందరూ. నా అభిప్రాయం వేరు. ఈ ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మన కాలేజీ అమ్మాయిలు ఒక్క పొద్దుటి పూటైనా నాగలమడిక చుట్టుపక్కల కొండవాలులోనో, ఏటి ఒడ్డునో, తెలిసిన మనిషిని వెంటబెట్టుకొని నడవాలి. ఏటా నడవాలి.

నాగలమడిక అంటే అంత్య సుబ్రహ్మణ్యస్వామి అని అందరికీ తెలుసు. కుక్కె ఆది, ఘాటి మధ్య, మనది అంత్యం. తేరు చూడ్డానికి వచ్చినవాళ్ళు దర్శనం చేసుకొని, ఉత్తర పినాకిని ఇసుకలో కాసేపు కూర్చుని పోతారు. ఆ ఏరు నంది కొండల దిక్కు పుట్టి, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు వచ్చి, మళ్ళీ మన పావగడ తాలూకాలోకి తిరిగి, ఆ తర్వాత పేరూరు దిక్కు ఆంధ్రలోకి పోతుంది. ఏటికి రాష్ట్రాల హద్దు లేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మనలాంటి వాళ్ళకూ అంతే.

పడమటి కనుమలు వానను ఆపేస్తాయి, తూర్పు సముద్రపు వాన ఇందాకా రాకముందే అలిసిపోతుంది. ఏడాదికి 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడితే అదే గొప్ప. అయినా వసంతం మనల్ని మరిచిపోదు. ఆకు ఒక్కటీ లేని మోదుగ ఒళ్ళంతా ఎర్రగా పూస్తుంది. కానుగ పాత ఆకు రాల్చి, చూస్తుండగానే లేత పచ్చగా మారుతుంది. ఉగాదికి వేపపూత, ఆ వెనకే చింతచిగురు. ఎండ ముదిరే కొద్దీ రాళ్ళమీది మగ తొండ రంగు మార్చి ఎరుపెక్కుతుంది. తీతువు పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య, వట్టి నేలమీద గుడ్లు పెడుతుంది. గుడ్డేదో రాయేదో పోల్చుకోలేం. పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంది. దక్షిణ భారతంలోని ఇలాంటి బండల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని చూడ్డానికి పైదేశాల వాళ్ళు కెమెరాలు మోసుకొని నంది కొండకు వస్తారు. మనం మాత్రం "ఏముంది" అంటాం.

ఇలాంటి నడక కొత్తదేమీ కాదు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో, లాస్ వేగాస్ పట్నం పక్కనే రెడ్ రాక్ కాన్యన్ అనే ఎడారి నేల ఉంది. 1990లో దాన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. వసంతకాలంలో అక్కడ తెలిసినవాళ్ళు జనాన్ని వెంటబెట్టుకొని నడిపిస్తారు. ఎడారి తాబేలు గురించి, చిన్న చిన్న పూల గురించి చెప్తారు. మన మెట్టల్లో నక్షత్ర తాబేలు లేదా? ఉంది. దాన్ని పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం నేరమని మనలో ఎందరికి తెలుసు?

అంతదూరం ఎందుకు, మన తుమకూరు జిల్లాలోనే చూడండి. మధుగిరి తాలూకా మైదనహళ్ళి దగ్గర జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతాన్ని 2007లో ప్రకటించారు. అది దట్టమైన అడవి కాదు, గడ్డినేల. సిరా తాలూకా బుక్కాపట్నలో చింకారా జింకల కోసం 2019లో అభయారణ్యం వచ్చింది. అదే తాలూకాలోని కగ్గలాడులో ఊరి నడుమ చింతచెట్ల మీద కొంగలు గూళ్ళు కడితే, ఊరివాళ్ళు ఎవర్నీ రాయి విసరనియ్యరు. అంటే మెట్టనేలకు, ముళ్ళకంపకు కూడా విలువుందని ప్రభుత్వమూ ఒప్పుకుంది, పల్లెజనమూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవలసింది మనమే.

ఇప్పుడు అసలు సంగతి. "బంజరు" అనే మాట చిన్నది కాదు. రికార్డులో ఆ మాట పడిన నేలకు అడిగే దిక్కుండదు. అనంతపురం దిక్కు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళూ, చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ కలిసి 1990ల నుంచి కాపాడితే, బోడికొండలు దాదాపు 9 వేల ఎకరాల కల్పవల్లి అడవి అయ్యాయి. గడ్డి మొలిచింది, ఈతచెట్లు లేచాయి. తర్వాత గాలిమరలు వచ్చాయి. కొండ నెత్తిన దారులు తవ్వారు. రికార్డులో అది అడవి కాదు, బంజరు.

మన నాగలమడిక హోబళిలో సోలార్ పార్కు సంగతి అందరికీ తెలిసిందే. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊర్ల నేలలో దాదాపు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. కరెంటు కావాలి, కాదనను. వరసగా కరువులు చూసిన రైతుకు ఎకరాకు ఏటా మొదట్లో 21 వేల రూపాయల కౌలు అంటే అది దేవుడిచ్చినట్టే. కానీ నేల లేని కూలి మనిషికి ఆ కౌలు రాలేదు. గొర్రెలు, మేకలు తోలుకుపోయే వాళ్ళకు దారి మూసుకుపోయింది. పుల్లలకూ గడ్డికీ పోయే ఆడవాళ్ళు చుట్టు తిరిగి పోవాలి. ఆ నేలలో ముందు ఏ పిట్ట ఉండేది, ఏ గడ్డి మొలిచేది అని అడిగితే రాసిపెట్టిన కాగితం మన చేతిలో లేదు. మిగిలిన కొండల గురించి రేపు ఎవరైనా అడిగితే? అప్పుడూ చేతులు ముడుచుకొని నిలబడదామా?

ఇది సైన్సు వాళ్ళ పని కదా, తెలుగు గోడపత్రికలో ఎందుకు అంటారేమో. ఇది మొదట తెలుగు పనే. పుస్తకంలో చెట్టుకు ఇంగ్లీషు పేరుంటుంది, బడిలో కన్నడం పేరు చెప్తారు, మన జేజి నోట్లో తెలుగు పేరుంటుంది. ఈ మూడింటికీ మధ్య మనకు ఏ పేరూ అంటలేదు. మేకలు కాసే అవ్వకు యాభై గడ్డిమొక్కల పేర్లు తెలుసు, తెలుగు బి.ఏ. చదివే మనకు పది రావు. పేరు పోయిన మొక్క, బతికుండీ లేనట్టే.

ఇంకొక మాట. "ఆడపిల్లలకు కొండలెందుకు?" అనేవాళ్ళు ఇంటింటా ఉన్నారు. మగపిల్లలు సెలవు రోజున ఏ గుట్టెక్కినా అడగరు. పుల్లల మోపు కోసమైతే ఆడమనిషి ఒంటిగా కొండకు పోవచ్చు, చూడ్డానికి మాత్రం పోకూడదట! మోపు మోసే కాళ్ళకు చూసే హక్కు లేదా?

పాము ఉంటుంది, ఎలుగుబంటి ఉంటుంది, ఎండ అంటారు. నిజమే. అందుకే వెంట తెలిసిన మనిషి ఉండాలంటున్నాను. ఆరు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోదాం. పదిహేను మందికి మించి వద్దు. ఇద్దరు మేడమ్‌లు, దారి చూపడానికి ఆ ఊరి గొర్రెల కాపరో, మూలికలు తెలిసిన అవ్వో. వాళ్ళకు ఆ పూట కూలి మనం చందా వేసుకొని ఇద్దాం. మేడమ్‌కు జీతం ఉన్నప్పుడు అవ్వ పాఠం ఉత్తపుణ్యానికి చెప్పాలా? కాళ్ళకు బూట్లు, తలకు గుడ్డ, చేతిలో స్టీలు సీసాలో నీళ్ళు, ఇంటి నుంచి చిత్రాన్నం. ప్లాస్టిక్ వద్దు, పాటల స్పీకరు వద్దు. తీతువు అరిస్తే అక్కడికి పోవద్దు, గుడ్లున్నాయని అర్థం. పూవు కోయొద్దు, పేరు రాసుకోండి. ఊటీకి అయ్యే బస్సు ఖర్చులో పదోవంతు కూడా కాదు ఇది.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ కాగితం కింద అరపేజీ ఖాళీ వదిలిపెట్టాం. మీ ఊరి దిక్కు మొక్కో, పిట్టో, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమని పిలుస్తారో ఆ పేరు ఒక్కటి రాయండి, పక్కన మీ ఊరి పేరు రాయండి. తెలియకపోతే ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు అడిగి వచ్చి రాయండి. ఉగాది సెలవుల లోపల ఆ ఖాళీ నిండితే, ఆ జాబితా తీసుకొని ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి అందరం కలిసి పోదాం.

— నాగలమడిక అమ్మాయి, ద్వితీయ బి.ఏ.